వాసన తెలియని మనిషికి కోడి వేపుడు

మా మావయ్యగారికి వాసన తెలియడం లేదని ఇంట్లో ముందు కనిపెట్టింది నేనే. ఒక ఆదివారం పొద్దున ఎండు నెత్తళ్ళ చేపలు వేయిస్తున్నాను. కింద వాటాలో వాళ్ళు కిటికీ రెక్కలు మూసుకుంటున్న చప్పుడు కూడా వినబడింది. ఆయన హాల్లో పేపరు చదువుకుంటూ, "ఇయాలేటమ్మా కూర?" అని అడిగారు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వీధి మలుపు తిరుగుతూనే మా ఇంట్లో ఏం ఉడుకుతోందో చెప్పేసే మనిషి ఆయన.

అంతకు వారం ముందు ఆయనకి జలుబు చేసి జ్వరం వచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చి తగ్గింది కానీ, పోతూ పోతూ ముక్కుని పనికిరాకుండా చేసిపోయింది. గాజువాకలో డాక్టరుకి చూపించాం. వాసన తెలిపే నరం మళ్ళీ కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు అన్నాడు. రోజూ రెండు పూటలా నిమ్మ తొక్క, లవంగాలు వాసన చూస్తూ ఉండమన్నాడు. ఆయన బుద్ధిగా పొద్దున్నా సాయంత్రమూ లవంగాల డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవారు. కాసేపటికి మూత పెట్టేసి, "రాలేదు" అనేవారు. బస్సు రాలేదన్నంత మామూలుగా.

ఆయన స్టీల్ ప్లాంటులో బొగ్గుని కాల్చి కోక్ చేసే ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. సొంతూరు విజయనగరం అవతల. మా అత్తగారు పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి కూర్మన్నపాలెంలో మాతోనే ఉంటున్నారు. మా ఆయనదీ ప్లాంటు ఉద్యోగమే, షిఫ్టులు. అబ్బాయి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. నేను మద్దిలపాలెంలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రిపోర్టులు టైపు చేస్తాను. పొద్దున బస్సులో గంటన్నర, సాయంత్రం ఇంకాస్త ఎక్కువ. ఎన్.ఏ.డి. జంక్షన్ దగ్గర ట్రాఫిక్కులో బస్సు ఆగిపోయినప్పుడు నిలబడే నిద్రపోవడం నాకు ఎప్పుడో అలవాటైంది.

తిండి దగ్గర మావయ్యగారికీ నాకూ నా పెళ్ళయిన కొత్తలోనే పేచీ. మా అమ్మానాన్నలది గోదావరి జిల్లా. నాన్నకి ఇక్కడ ఉద్యోగం వస్తే వచ్చి స్థిరపడ్డారు. మా ఇంట్లో పులుసు ఏది పెట్టినా బెల్లం ముక్క పడాల్సిందే. నేను కాపురానికి వచ్చి మొదటిసారి చేపల పులుసు పెట్టిన రోజున మావయ్యగారు ఒక ముద్ద తిని, "మీ గోదారోల్లు సేపల్ని కూడా పాయసం సేసీత్తారేటమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మళ్ళీ పులుసులో బెల్లం వేయలేదు.

వాసన పోయాక ఆయన తిండి మానేశారు. కావాలని కాదు. కంచం ముందు కూర్చునేవారు, కలిపేవారు, రెండు ముద్దలు నమిలి ఆగిపోయేవారు. "తడిసిపోయిన అట్టముక్క నమిలినట్టుంటందమ్మా. వంకాయో, బీరకాయో, మాంసమో, అన్నీ ఒకటే అట్ట." డాక్టరు చెప్పింది నాకప్పుడు అర్థమైంది. నాలుకకి ఉప్పు, పులుపు, తీపి, చేదు లాంటివి నాలుగైదు మాత్రమే తెలుస్తాయట. కూరని కూరగా గుర్తుపట్టేదంతా ముక్కేనట. నెలన్నరలో మావయ్యగారి బెల్టుకి మేకుతో రెండు కొత్త చిల్లులు పొడిచారు మా ఆయన.

నేను చేయనిది లేదు. కారం ఎక్కువ వేశాను, కడుపు మంటన్నారు. ఉప్పు ఎక్కువ వేశాను, నాన్నకి బీపీ ఉంది కదా అని మా ఆయన నా మీద విసుక్కున్నారు. పొద్దున అయిదింటికి లేచి రెండు రకాలు వండేదాన్ని, ఆయనకి ఒకటి, మాకు ఒకటి. సాయంత్రం వచ్చి చూస్తే ఆయన గిన్నె పెట్టినట్టే ఉండేది. ఆ గిన్నెల్ని ఒక్కోసారి కోపంతో చప్పుడయ్యేలా పడేసి తోమేదాన్ని. ఎవరి మీద కోపమో మాత్రం తెలిసేది కాదు.

ఒకరోజు మా ఆఫీసులో ఒకమ్మాయి తనకి పెళ్ళి కుదిరిందని అందరికీ డబ్బాల్లో కొరియన్ చికెన్ తెప్పించింది. ఎర్రగా మెరుస్తున్న ముక్కలు, పైన నువ్వులు. మధ్యాహ్నం నాకు తినే తీరిక దొరకలేదు. డబ్బా సంచిలో పెట్టుకున్నాను. నిజం చెప్పాలి. దాన్ని ఇంట్లో ఎవరికీ పెట్టాలనుకోలేదు. ఇంటికెళ్ళి వంటింట్లో నిలబడి నేనొక్కదాన్నే తినాలనుకున్నాను. బస్సులో కూర్చోవడానికి చోటు దొరక్కపోయినా ఆ డబ్బా ఉందన్న ధైర్యంతో ఇల్లు చేరాను.

ముక్కలు మెత్తబడిపోయి ఉన్నాయి. పెనం మీద వేసి, సన్నటి సెగ మీద అటూ ఇటూ తిప్పి మళ్ళీ గట్టిపడనిచ్చాను. గట్టుకి ఆనుకుని మొదటి ముక్క కొరికాను.

హాల్లోంచి మావయ్యగారి గొంతు వినిపించింది. "ఏటమ్మా అది? కరకరమంటంది?"

నేను నమలడం ఆపేశాను. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టయింది. డబ్బా తీసుకుని హాల్లోకి వెళ్ళి, "ఆఫీసులో ఇచ్చారండి. తింటారా?" అన్నాను. వద్దంటారనే అనుకున్నాను. ఆయన ఒక ముక్క తీసుకుని కొరికారు. నమిలారు. తల కొంచెం పక్కకి వంచి మళ్ళీ నమిలారు, దూరంగా ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు.

"తెలస్తందమ్మా" అన్నారు.

"ఏం తెలుస్తోందండి?"

"తీపి తెలస్తంది. పులుపు తెలస్తంది. నాలిక మీద మంటెడతంది. ఈ సప్పుడు సూడు, నోట్లో ఏదో ఉన్నాదని తెలస్తంది."

డబ్బా మొత్తం తినేశారు. నాకు మిగిలింది మొదటి ముక్క ఒక్కటే. సంతోషపడాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది, ఆకలివల్లేననుకుంటాను. వెళ్ళి మజ్జిగన్నం కలుపుకుని తిన్నాను.

మర్నాడు ఆయన ఫోనులో, ప్లాంటులో ఉన్న మా ఆయనతో చెబుతున్నారు. "నిన్న కోడలు తెచ్చిన కోడి భలేగున్నాదిరా." ఎన్నాళ్ళకో తిండి గురించి ఆయన మాట్లాడటం. ఇక వండక తప్పదని నాకు అప్పుడే తెలిసింది.

మొదటిసారి చేసినప్పుడు నాకు తెలిసిన చికెన్ పకోడీ లాగే చేశాను. పిండి పట్టించి, నూనెలో వేయించి, తర్వాత టమాటా సాసూ, సోయా సాసూ పోసి ఉడికించాను. పైపొర ఊడిపోయి సాసులో తేలింది. ఆయన ఒకటి తిని, "మెత్తగుందమ్మా. మొన్నటిలాగ సప్పుడవలేదు" అన్నారు, నన్ను నొప్పించకుండా. రెండోసారి బెల్లం పాకం పట్టి అందులో వేశాను. పాకం ముదిరిపోయింది. చల్లారేసరికి ముక్కలన్నీ కలిసి ఉండలా గట్టిపడ్డాయి. అట్లకాడతో విడగొట్టాల్సి వచ్చింది.

పెళ్ళి కుదిరిన ఆ అమ్మాయినే అడిగాను. తను ఇంట్లో ఒకసారి ఫోనులో చూసి చేసిందట. "రెండుసార్లు వేయించాలి మేడమ్. మొదటిసారి ఉడకడానికి, రెండోసారి కరకరకి. మధ్యలో కాసేపు వదిలెయ్యాలి. సాసు పొయ్యి మీంచి దించేశాకే ముక్కలు వెయ్యాలి. లేకపోతే తడిసిపోతాయి."

మూడోసారి అలాగే చేశాను. ఎముకలు లేని తొడ మాంసం చిన్న ముక్కలు కోసి ఉప్పు, మిరియాలు, అల్లం వెల్లుల్లి పట్టించాను. కార్న్‌ఫ్లోరులో సగానికి సగం బియ్యప్పిండి కలిపి ముక్కలకి పొడిగా అద్దాను. ఒకసారి వేయించి తీసి జల్లెడలో ఆరబెట్టాను. కొరియా వాళ్ళు వాడే మిరప ముద్ద మా వైపు కొట్లలో దొరకలేదు. ఎండుమిరపకాయలు వేణ్ణీళ్ళలో నానబెట్టి వెల్లుల్లితో రుబ్బాను. కొంచెం నూనెలో ఆ ముద్ద వేయించి, సోయా సాసూ, వెనిగరూ, బెల్లమూ వేసి, బుడగలు పెద్దవై నెమ్మదించేదాకా ఉంచి దించేశాను. ముక్కల్ని రెండోసారి వేయించి అందులో వేసి సాసు పట్టేలా గిన్నెలోనే ఎగరేశాను. పైన వేయించిన నువ్వులు చల్లాను.

మావయ్యగారు కొరికిన చప్పుడు వంటింట్లోకి వినబడింది. "ఆఁ. ఇదీ" అన్నారు. కాసేపటికి, "ఇందులో బెల్లమేనేటమ్మా?" అని అడిగారు. అవునన్నాను. "ఏసీయమ్మా, ఇంకొంచెం ఏసీ. నాకిప్పుడు తీపొక్కటే సుట్టంలాగ అగుపిస్తంది."

వారానికి ఒకసారి అనుకున్నది రెండుసార్లైంది, తర్వాత మూడైంది. కోడి లేని రోజుల్లో కూడా ఆ ఎర్ర ముద్ద అన్నంలో వేసుకుని, పక్కన అప్పడాలో వడియాలో పెట్టుకుని తినేవారు. బెల్టు మళ్ళీ పాత చిల్లుకి వచ్చింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. కానీ అయిదింటికి ఆఫీసులోంచి బయటపడి, ఏడింటికి ఇల్లు చేరి, చీర కూడా మార్చుకోకుండా నూనె మూకుడు ముందు నిలబడటం నన్ను నమిలేసింది. నా జుట్టుకి నూనె వాసన. నా చీర కొంగుకి నూనె వాసన. బస్సులో పక్కన కూర్చున్నావిడ ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుంటే అది నా వల్లేనేమోనని సర్దుకుని కూర్చునేదాన్ని. ఇంట్లో ఆ వాసన తెలియని మనిషి ఆయనొక్కరే.

ఒకసారి మా ఆయనతో అన్నాను, "నావల్ల కావట్లేదండీ" అని.

"నాన్న తింటన్నాడు కదా మరి" అన్నారు ఆయన, బూట్లు విప్పుకుంటూ. "నానేటి సెయ్యను? నాకూ ఈ వారం బి షిఫ్టే. నానొచ్చేసరికి అందరూ పడుకుంటన్నారు."

నిజమే. ఆయన కళ్ళ కింద కూడా నల్లటి గుంటలున్నాయి. పోట్లాడటానికి ఇద్దరిలో ఎవరికీ ఓపిక లేకపోవడం వల్ల ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చాను. చీకటి పడుతోంది. మెట్లెక్కుతుంటే సగం మెట్ల దగ్గరే గ్యాసు వాసన కొట్టింది. ముందు ఎవరింట్లోదో అనుకున్నాను. నాలుగు మెట్లు ఎక్కేసరికి అది మాదేనని తెలిసిపోయింది. తలుపు తోశాను. గ్యాసు ముఖానికి కొట్టింది. మావయ్యగారు మసక వెలుతురులో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "వచ్చీసేవా అమ్మా, ఉండు లైటేత్తాను" అంటూ లేచి గోడ వైపు చెయ్యి చాచారు.

"ముట్టుకోకండి!"

నేనంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సంచి కింద పడేసి వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి బటన్ తిప్పే ఉంది, మంట లేదు. కట్టేశాను, సిలిండరు కట్టేశాను, కిటికీలన్నీ బార్లా తెరిచాను, వెనక తలుపు తెరిచాను. తర్వాత ఆయన రెక్క పట్టుకుని మెట్ల మీదకి లాక్కొచ్చాను. ఆయన చెప్పులు కూడా వేసుకోలేదు.

"ఏటైందమ్మా? ఏటైంది?"

"వంటింట్లోకి వెళ్ళొద్దని చెప్పానా లేదా? మీకు వాసన తెలియదు కదా! స్విచ్చి వేసుంటే ఏమయ్యేది? మీరూ నేనూ ఇద్దరం... నేను ఎన్నని చూసుకోవాలండీ? ఎన్నని చూసుకోవాలి?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ముందు నేను గొంతెత్తింది అదే మొదటిసారి. కింద వాటా ఆవిడ తలుపు తీసి చూసి మళ్ళీ వేసేసుకుంది. మావయ్యగారు మెట్టు మీద కూర్చుని తన కాళ్ళ వైపు చూసుకుంటున్నారు.

గ్యాసంతా పోయిందనుకున్నాక లోపలికి వెళ్ళాను. పొయ్యి మీద టీ గిన్నె ఉంది. అందులో రెండు కప్పుల నీళ్ళున్నాయి. గట్టు మీద రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. కిటికీ గాలికి మంట ఆరిపోయినట్టుంది, ఆయన హాల్లోకి వచ్చి కూర్చుని నీళ్ళు మరిగే చప్పుడు కోసం చూస్తున్నారు కాబోలు.

ఆ రెండు గ్లాసుల్లో ఒకటి నాకోసమే. కానీ బయటికి వెళ్ళి క్షమించమని మాత్రం అడగలేదు. అంత అలిసిపోయి ఉన్నాను.

తర్వాత మా ఆయన సిలిండరు రెగ్యులేటరు కట్టేసి ఉంచమని, గ్యాసు లీకైతే మోగే పరికరం కొని పెడతానని అన్నారు, వారంలో పెట్టారు కూడా. మావయ్యగారు మాత్రం వంటింటి గడప వైపే రావడం మానేశారు. మంచినీళ్ళు కావాలన్నా నేను వచ్చేదాకా ఆగేవారు. కోడి వండనా అంటే, "వద్దులే అమ్మా. నాకు మజ్జిగన్నం సాలు" అన్నారు. మజ్జిగన్నం కూడా కొంచెమే. నాలుగు రోజులు అలా గడిచాయి. నాలుగు రోజులు నాకు సాయంత్రం నూనె పని లేదు. హాయిగా ఉండాలి కదా, లేదు. ఆయన ముద్ద మింగుతున్న తీరు చూడలేకపోయాను.

శనివారం మాకు మధ్యాహ్నం దాకానే ఆఫీసు. వస్తూ వస్తూ చికెన్ తెచ్చాను. ముక్కలకి అన్నీ పట్టించి, మూకుడు పొయ్యి మీద పెట్టి, హాల్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వంటింటి గుమ్మంలో వేశాను.

"మావయ్యగారూ, ఒకసారి రండి."

"ఏటమ్మా?"

"నాకు రెండోసారి వేయించేది ఎప్పుడు తియ్యాలో తెలియడం లేదండి. ఒకసారి మాడుతోంది, ఒకసారి మెత్తగా ఉంటోంది. మీరు కూర్చుని చెప్పండి."

అది పూర్తిగా అబద్ధం కాదు. నాకు నిజంగానే ప్రతిసారీ ఒకేలా కుదిరేది కాదు. ఆయన కాసేపటికి వచ్చి కూర్చున్నారు, గడప దాటకుండా హాలు వైపే.

మొదటిసారి ముక్కలు వేశాను. నూనె పెద్దగా గలగలలాడింది. ఆయన వింటున్నారు. "ఇదేటి, లోపల నీల్లు అరుస్తన్నాయి" అన్నారు. కాసేపటికి చప్పుడు తగ్గింది. తీసి ఆరబెట్టాను. పదినిమిషాలు వదిలేశాను. మంట పెంచి ముక్కలు మళ్ళీ వేశాను. ఈసారి చప్పుడు వేరుగా ఉంది, సన్నగా, వేగంగా. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"ఇంకా ఉంది. ఇంకా లోపల తడుంది. ఉండు." చెయ్యి పైకెత్తారు. "తగ్గతంది... తగ్గతంది... ఇదిగో ఇప్పుడు సన్నగా ఈలేసినట్టు రాలేదూ? తీసీ. తీసీయమ్మా!"

చిల్లుల గరిటెతో తీశాను. జల్లెడలో పడుతుంటే ముక్కలు గులకరాళ్ళలా టకటకమన్నాయి. అంతకు ముందు ఎప్పుడూ అలా పడలేదు.

"ఎలా తెలిసిందండీ?"

"ఓవెన్ కాడ ముప్పైయేళ్ళున్నాను కదమ్మా. అక్కడ ముక్కుతో పనేటి? ముక్కుకి గుడ్డ కట్టీసుకునేవోళ్ళం. సగం కళ్ళు, సగం సెవులు. గ్యాసు మండే సప్పుడుని బట్టి తెలిసిపోయేది, లోపల బొగ్గు ఉడికిందో లేదో." కొంచెం ఆగి, "ఆ గ్యాసు సప్పుడే మొన్న ఇంట్లో ఇనబళ్ళేదు" అన్నారు.

"నేను అలా అరవకుండా ఉండాల్సిందండి" అన్నాను మూకుడులోకి చూస్తూ.

"అరవకపోతే లైటేసీద్దును కదా."

అంతే. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు.

ఆ రోజు కోడి చాలా బాగా కుదిరింది. అలాగని నా పని తగ్గిందేమీ లేదు. కోసేదీ, పట్టించేదీ, వేయించేదీ, గిన్నెలు తోమేదీ నేనే. కాకపోతే గుమ్మంలో ఒక మనిషి కూర్చుని "ఉండు", "తీసీ" అంటుంటే నేను ఆలోచించక్కర్లేకపోయింది. అలిసిపోయిన మనిషికి ఆలోచించకుండా ఉండటం కూడా విశ్రాంతే. ఎన్.ఏ.డి. దగ్గర ఆగిన బస్సులో వచ్చినట్టే, మూకుడు ముందు కూడా నాకు ఒక్కోసారి కునుకొచ్చేది.

నెలలు గడిచాక ఆయనకి వాసన కొద్దికొద్దిగా రావడం మొదలైంది, కానీ తప్పుగా. కాఫీ కాలిన టైరులా ఉందంటారు. కొత్తిమీర సబ్బులా ఉందంటారు. డాక్టరు ఇది మంచి లక్షణమే అన్నాడు. మంచి లక్షణం వల్ల ఆయన ఉదయం కాఫీ మానేశారు.

ఈమధ్య ఒకరోజు కోడి తింటూ నా కంచం వైపు చూశారు. నేను పెరుగన్నం తింటున్నాను.

"నువ్వు తినవేటమ్మా?"

"విసుగొచ్చేసిందండి" అన్నాను. నోట్లోంచి ఊరికే వచ్చేసింది. "ఆ వాసనే పడటం లేదు."

ఆయన ముక్క కంచంలో పెట్టేశారు. "మరి సెప్పవేటి? నీకేటి ఇట్టం?"

నాకు ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు. "ఏదైనా ఫర్వాలేదండి. ఎవరైనా వండిపెడితే చాలు" అన్నాను. తేలిగ్గానే అన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. మా ఆయన నైట్ షిఫ్టు చేసి వచ్చి ఉన్నారు. "ఈడు కాపలా ఉంటాడు. నువ్వు పోయి పడుకో" అన్నారు మావయ్యగారు. నేను పడుకున్నాను. నిజంగా నిద్రపట్టేసింది.

లేచి వచ్చేసరికి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో మా ఆయన గడ్డం ఛాతీకి ఆనించి గురక పెడుతున్నారు. మావయ్యగారు పొయ్యి కట్టేసి గిన్నె దించుతున్నారు. టమాటా పప్పు. ఇల్లంతా మాడు వాసన. అటు కొడుక్కి నిద్ర, ఇటు తండ్రికి ముక్కు లేదు. నూనెలో ముక్కల్లాగ చప్పుడుని బట్టి కనిపెడదామంటే, పప్పు మాడేటప్పుడు చప్పుడు చెయ్యదు.

ఆయన నాకు కంచం పెట్టి, వేడన్నం వడ్డించి, పప్పు వేసి, నెయ్యి వేసి, ఎదురుగా కూర్చున్నారు.

"ఎలగున్నాది? అడుగంటలేదు కదా?"

"లేదండి" అన్నాను. "బాగుంది."

పప్పులో నల్లటి పెచ్చులున్నాయి. ఉప్పు మాత్రం సరిగ్గా వేశారు. కంచంలో వేళ్ళు కాలుతుంటే నెమ్మదిగా కలుపుకున్నాను. వేడివేడిగా, కూర్చుని, మధ్యలో లేవకుండా అన్నం తిని ఎన్నాళ్ళైందో గుర్తులేదు. ఆ పూట రెండోసారి కూడా వడ్డించమని అడిగి తిన్నాను. ఆయన గిన్నె అడుగున గరిటెతో గీకుతుంటే, అక్కడిది వద్దులెండి, పైదే వెయ్యండి అన్నాను.